పట్టా గీతకు లోతెంత?

ప్రతి ఏడూ వానలు తగ్గాక నాలుగో తరగతి పిల్లల చేత ఊరి పటం గీయిస్తాం. ముందు దిక్కులు చెబుతాం. తరువాత బడి నుంచి బయలుదేరి ఊరంతా నడిపిస్తూ గెడ్డ ఎటు, బోరు ఎటు, ఊరి దేవత ఉన్న చెట్టు ఎటు అని అడుగుతాం. తిరిగి వచ్చి వరండా గచ్చు మీద సుద్దముక్కతో గీస్తారు. నిరుడు ఒక పిల్ల తన తండ్రి పొలాన్ని నాలుగు గీతలతో గీసి, సుద్దముక్క చేతిలో పట్టుకుని ఆగిపోయింది. మా ఊరు బొర్రా గుహలకు మరీ దూరం కాదు. అందుకే కాబోలు, "మాస్టారూ, మా పొలం కింద కూడా గుహ ఉందనుకోండి, అది మాదేనా?" అంది.

"పటంలో పైకి కనిపించేదే గీస్తామమ్మా" అన్నాం. అంతలో అన్నం గంట కొట్టారు. పిల్లలు పళ్లేలు పట్టుకుని పరిగెత్తారు. మేము చెప్పిన జవాబు తప్పు కాదు. అయితే ఆ పిల్ల అడిగింది పటం గురించి కాదు, హక్కు గురించి. పటంలో లేనిది హక్కులో ఉంటుందా అని అడిగింది. దానికి మా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన ప్రయత్నమే.

బొర్రా గుహల గురించి మా వైపు అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. కొండ మీద మేస్తున్న ఆవు పైనున్న కన్నంలోంచి లోపలికి పడిపోయిందట. దాన్ని వెతుక్కుంటూ దిగిన పసులకాపరికి లోపల అంత పెద్ద గుహ కనిపించిందట. ఆ కథలో మేత భూమి వేరు, గుహ వేరు కాదు. ఒక్క అడుగు తప్పితే దీంట్లోంచి దాంట్లోకి. ఇప్పుడు ఆ గుహల మీదుగానే కొత్తవలస - కిరండూల్ రైలు దారి పోతోంది. అడుగున గోస్తనీ నీరు, ఆ పైన గుహ, గుహ మీద రాయి, రాయి మీద మట్టి, మట్టి మీద రైలు పట్టాలు. ఒకే చోట ఇన్ని అంతస్తులున్నాయి. ఆకాశం నుంచి తీసిన పటంలో మాత్రం ఇవన్నీ ఒకే చుక్క మీద పడతాయి.

భూమి లెక్క ఇప్పుడు కంప్యూటరులోకి వెళుతోంది. దేశమంతటా భూరికార్డులను కంప్యూటరు చేసే పథకం 2008లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో సమగ్ర రీసర్వేను 2020 డిసెంబరు 21న ప్రారంభించారు. డ్రోన్లు ఫొటోలు తీస్తాయి. కార్స్ అనే స్టేషన్ల సాయంతో రోవర్ పరికరం పొలం మూల ఎక్కడుందో సెంటీమీటర్లలో చెబుతుంది. ప్రతి కమతానికీ ల్యాండ్ పార్సెల్ మ్యాప్ వస్తుంది. దేశం మొత్తంలో ఏ కమతాన్నయినా గుర్తుపట్టేలా భూ ఆధార్ అని 14 స్థానాల గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. ఇవి చెడ్డవని మేము అనము. తాసీల్దారు కచేరీలో బీరువా తాళం ఎవరి చేతిలో ఉంటే భూమి వారిదైన రోజులు మన తాతలు చూశారు. కాగితం లేకపోవడం వల్ల పోయిన భూమి ఎంతో. అయితే కొత్త కాగితం వచ్చేటప్పుడు అది ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు అని అడగాలి కదా.

ముందుగా గీత అంటే ఏమిటో చూద్దాం. పటంలో పొలం చుట్టూ గీసిన గీతకు పొడవు ఉంది, లోతు లేదు, ఎత్తు లేదు. కానీ దాని అర్థంలో లోతూ ఎత్తూ ఉన్నాయి. భూరికార్డుల నమూనాకు ప్రపంచమంతటా వాడుకునేలా ఐఎస్ఓ 19152 అనే ప్రమాణాన్ని 2012లో వెలువరించారు. పటం మీది మామూలు హద్దు గీతను అందులో నిలువుగా నిలబడ్డ గోడగా అర్థం చెప్పారు. ఆ గోడ పైకీ పోతుంది, కిందికీ పోతుంది. ఎంత పైకి, ఎంత కిందికి అన్నది గీత చెప్పదు. ఐరోపా న్యాయశాస్త్రంలో నేల ఎవరిదో ఆకాశం దాకా, పాతాళం దాకా వారిదే అనే పాత మాట ఒకటుంది. విమానాలు వచ్చాక ఆకాశం పోయింది. గనుల చట్టాలు వచ్చాక పాతాళం మీద ప్రభుత్వం చెయ్యి పడింది. మిగిలింది మధ్యలో ఒక పొర. ఆ పొర మందం ఎంతో ఏ పట్టా మీదా రాసి ఉండదు.

రెండు వైపుల కొలత గల పటంలోకి మూడు వైపుల కొలత గల కొండను దించితే ఏమవుతుందో మా ఊళ్లోనే చూశాం. ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి కాలంలో వాలు వెంబడి తాడు వేసి కొలిచి పంచుకున్న మెట్ట. అన్న వాటా 2 ఎకరాల 30 సెంట్లని ఆనాటి కాగితంలో ఉంది. మొన్న కొత్తగా కొలిస్తే 2 ఎకరాలకు ఇంచుమించుగా వచ్చింది. 30 సెంట్లు ఏమయ్యాయి? పక్కనున్నది తమ్ముడే. "రాయి నువ్వే జరిపావు" అన్నాడు అన్న. "నీ కాగితమే దొంగ కాగితం" అన్నాడు తమ్ముడు. ఆ ఏడాది తమ్ముడి కూతురి పెళ్లికి అన్న రాలేదు. పెదనాన్న లేకుండానే ఆ పిల్ల అత్తవారింటికి పోయింది.

మేము బడి నుంచి నారతాడు, పొడవాటి కర్ర, సగం నీళ్లు పోసిన సీసా పట్టుకుని ఇద్దరినీ ఆ మెట్టకు తీసుకెళ్లాం. తాడును నేల మీద వాలు వెంబడి పరిచి కొలిచాం. తరువాత అదే జాగాను తాడు నేలకు ఆనకుండా, సీసాలో నీటిమట్టం చూసుకుంటూ అడ్డంగా పట్టి, మెట్టు మెట్టుగా దిగుతూ కొలిచాం. రెండో కొలత తగ్గింది. పటం ఎప్పుడూ రెండో కొలతనే తీసుకుంటుంది. పాతకాలపు గొలుసు సర్వేలో కూడా వాలు మీద గొలుసును అడ్డంగానే పట్టాలని నియమం. 30 డిగ్రీల వాలున్న చోట పటం మీది ఎకరం, కాలి కింద సుమారు ఎకరా 15 సెంట్లు ఉంటుంది. 45 డిగ్రీల వాలైతే ఎకరా 41 సెంట్లు. అన్నదమ్ముల మధ్య రాయి కదలలేదు. లెక్క కదిలింది.

పటం తప్పు చేసిందా అంటే, లేదు. వాన నిలువుగా పడుతుంది, చెట్టు నిలువుగా పెరుగుతుంది. ఎండా వానా ఎంత అందుతాయో చూస్తే అడ్డ కొలతే సరి. పక్కపక్క పొలాలు పటంలో ఒకదానితో ఒకటి అతకాలన్నా అదే దారి. కానీ చోడి చేలో కలుపు తీసే ఆడమనిషి నడుము వంచేది అడ్డ కొలత మీద కాదు, వాలు మీద. విత్తనం పడేది, మట్టి కోసుకుపోయేది, రాతికట్ట వేసుకోవలసింది వాలు మీదే. నేలకు ఒక కొలత ఉంది, కష్టానికి ఇంకో కొలత ఉంది. రికార్డు మొదటిది మాత్రమే రాసి, రెండోది ఉందని కూడా చెప్పకపోతే ఆ మౌనం అన్నదమ్ముల మధ్య అనుమానమై కూర్చుంటుంది. "ఇది అడ్డ కొలత, పాతది వాలు కొలత కావచ్చు" అని ఒక్క వాక్యం కాగితం మీద ఉంటే పెదనాన్న ఆ పెళ్లికి వచ్చి ఉండేవాడు.

ఇక ఎత్తు సంగతి. మా వైపు కాఫీ తోటలో నిలబడి పైకి చూడండి. మోకాలి దగ్గర పసుపో అల్లమో, నడుము ఎత్తున కాఫీ, సిల్వర్ ఓక్ మానుకు చుట్టుకుని పైకి పాకిన మిరియాల తీగ, అన్నిటి పైనా ఆకుల గొడుగు. ఒకే నేల మీద మూడు నాలుగు పంటలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. డ్రోను ఫొటోలో పైనున్న ఆకులే కనిపిస్తాయి. చూసేవాడికి అది అడవి. బతికేవాడికి అది తోట. గట్టు మీది జీలుగు చెట్టు ఇంకో లెక్క. నేల ఒకరిది, చెట్టు ఇంకొకరిది కావచ్చు. చింతచెట్టు నీడ పక్క పొలంలో పడుతుంది, కాయ ఒక కుటుంబానిది, రాలినవి ఏరుకునేది ఊరి పిల్లలు. ఇవి కొట్లాటలు లేకుండా నడిచే హక్కులు. వీటికి కాగితం లేదు, ఊరి జ్ఞాపకం ఉంది.

ఊరి జ్ఞాపకంలో ఉన్న హక్కును సర్కారు ఎప్పుడూ చూడదని కాదు. పన్ను వేయాలనుకున్నప్పుడు చూస్తుంది. 1879లో రంప పితూరీ లేవడానికి ఒక కారణం చెట్టు కల్లు మీద పడిన అబ్కారీ పెత్తనమూ, ఆ పేరు చెప్పి చేసిన వసూళ్లూ. ఆనాడు మన్యంలో చెట్టు ఎవరిదో ఏ పటమూ గీయలేదు. కానీ దాని నుంచి దిగే కల్లుకు మాత్రం లెక్క తెలిసింది. గీయలేని హక్కును కాదనడం, అదే హక్కు మీద రాబడి తీసుకోవడం రెండూ ఒకే చెయ్యి చేయగలదని మన చరిత్ర చెబుతోంది.

కింది పొర గురించి చెప్పాలంటే బొర్రాకే తిరిగి రావాలి. ఈ చుట్టుపక్కల ఊళ్లలో గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ గనుల కోసం లీజుకు ఇవ్వరాదని అంది. 1970 నాటి 1 ఆఫ్ 70 రెగ్యులేషన్‌లో "వ్యక్తి" అన్న మాటలో ప్రభుత్వం కూడా వస్తుందని చెప్పింది. తీర్పులోని మాటలు చట్టానివే అయినా దాని లోపల ఉన్న ప్రశ్న మా నాలుగో తరగతి పిల్ల ప్రశ్నే: పైన బతికేవారికి కింద ఉన్నదానితో సంబంధం ఉందా? మలబారు జన్మం భూముల కేసులో 2013 జూలైలో అదే సుప్రీంకోర్టు ఇంకో మాట అంది. భూమి ఎవరిదో కింది ఖనిజం కూడా మామూలుగా వారిదేననీ, చట్టప్రకారం తీసుకుంటే తప్ప ఆ హక్కు పోదనీ అంది. అయితే తవ్వాలంటే గనుల చట్టం కింద అనుమతి కావాలి. అటవీ హక్కుల పట్టాలో ఇంత మాట కూడా లేదు. సాగుకూ నివాసానికీ హక్కు ఇచ్చారు. నాగలి మొన దిగినంత లోతు అనుకోవాలా, బావి తవ్వినంత లోతు అనుకోవాలా?

కింది పొరను గీయలేకపోవడం వల్ల గీయలేదని మొదట్లో అనుకునేవాళ్లం. అది నిజం కాదు. గని లీజు పత్రంలో కింది పొర ఎంతో శ్రద్ధగా గీస్తారు. ఏ లోతున ఏ రాయి, ఎన్ని టన్నులు అని రంధ్రాలు వేసి లెక్క కడతారు. కొత్తవలస - కిరండూల్ దారిలో 58 సొరంగాలున్నాయంటారు. ప్రతి సొరంగానికీ ఇంజనీర్ల దగ్గర మూడు వైపుల కొలతల పటం ఉండి తీరాలి, లేకపోతే రెండు వైపుల నుంచి తవ్విన దారి మధ్యలో కలవదు. పట్నంలో చూడండి. అపార్టుమెంటులో అయిదో అంతస్తు ఒకరిది, ఆరో అంతస్తు ఇంకొకరిది. గాలిలో ఉన్న గదికి రిజిస్ట్రేషన్ జరుగుతోంది, బ్యాంకు అప్పు ఇస్తోంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్నంలో రైల్వేస్టేషనూ పురపాలక కార్యాలయమూ ఒకే కట్టడంలో ఉన్నాయి, కింద సొరంగంలో రైళ్లు నడుస్తాయి. ఎవరి భాగం ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది 2016లో అక్కడి భూరికార్డులో మూడు వైపుల బొమ్మగానే నమోదు చేశారు.

అంటే గీయడం వచ్చు. ఏది గీయాలన్న దగ్గరే తేడా. డబ్బు ఉన్న పొరకు బొమ్మ దొరుకుతుంది. బతుకు ఉన్న పొరకు దొరకడం లేదు. మేము అడిగే నైతిక ప్రశ్న ఇక్కడే ఉంది. ఒక వస్తువును పొరలుగా కోసి పంచాలనుకుంటే అందరి పొరలూ కోయాలి. కింది ఖనిజాన్ని వేరు చేసి సర్కారు లెక్కలో రాసుకున్నప్పుడు, మీది జీలుగు చెట్టునూ మిరియాల తీగనూ వేరు చేసి వాటి మనుషుల లెక్కలో రాయడానికి అడ్డేమిటి? రెండూ నేల నుంచి వేరు చేసిన హక్కులే.

కొలతలో తేడా ఎవరి నెత్తిన పడాలన్నది మరో ప్రశ్న. అటవీ హక్కుల భూములను చాలాచోట్ల చేతిలో పట్టుకునే జీపీఎస్‌తో కొలిచారు. దానిలో కొన్ని మీటర్ల తేడా మామూలు. చెట్ల కిందా లోయలోనూ ఇంకా ఎక్కువ. ఎత్తు చెప్పడంలో అయితే అడ్డ కొలతలో కన్నా తప్పు పెద్దది, ఎందుకంటే ఉపగ్రహాలన్నీ మన నెత్తి మీదే ఉంటాయి, కాళ్ల కింద ఒక్కటీ ఉండదు. చదరంగా ఉన్న ఎకరం పొలాన్ని తీసుకోండి. గీత నాలుగు వైపులా ఒక్క మీటరు లోపలికి పడితే సుమారు 6 సెంట్లు పోతాయి. తెర మీద గీత వెంట్రుకంత సన్నగా కనబడుతుంది. ఆ తేడాతో చూస్తే నేల మీద దాని వెడల్పు రెండు మూడు బారలు. తెర మీది సన్నదనాన్ని చూసి అందరూ అది నిజమని నమ్ముతారు. పాత పటంలో గీత మొద్దుగా ఉండేది, చూడగానే అటూ ఇటూ కావచ్చని తెలిసేది. మొద్దు గీతకు ఒక నిజాయితీ ఉంది.

కాలం కూడా పటంలో పట్టదు. పోడు కొట్టి రెండు మూడేళ్లు పండించి, నేలను వదిలి, మళ్లీ దాని దగ్గరికి వచ్చే పద్ధతి మన పెద్దలది. వదిలిన ఏడాది ఉపగ్రహం ఫొటో తీస్తే అది పొద. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉండాలంటుంది. ఆ నాటి ఫొటోలో పొద కనిపించిన కుటుంబం ఏం చేయాలి? ఇక్కడ చట్టం మన పక్షాన ఒక మంచి మాట చెప్పింది. 2012లో సవరించిన నియమాల ప్రకారం ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చు, వాటి స్థానంలో నిలబడరాదు. పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అది కూడా సాక్ష్యమే. ఈ నియమం ఎంతమందికి తెలుసు? ఫొటో చూపించగానే చేతులు కట్టుకుని వెనక్కి వచ్చినవాళ్లను మేము ఎరుగుదుం.

ఇంతసేపూ పటం గురించి చెప్పాం. మన గురించి కూడా చెప్పుకోవాలి. ఊరి జ్ఞాపకం ఎప్పుడూ న్యాయంగానే ఉందనడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. ముఠాదారుల కాలంలో ఎవరి హద్దు ఎక్కడో ముఠాదారు నోటిమాట. 1969లో ముఠాల రద్దు రెగ్యులేషన్ వచ్చాకనే రైతు పేరు మీద పట్టా అన్న మాట మన కొండల్లో నిలబడింది. ఊరి జ్ఞాపకంలో ఆడవాళ్ల పేరు మీద పొలం ఎంత ఉంది? పుట్టింట్లో లేదు, అత్తింట్లో లేదు. అటవీ హక్కుల పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలని చట్టం రాయవలసి వచ్చింది. నోటిమాట హద్దు బలమైనవాడి వైపు జరగడం మన ఊళ్లలోనూ జరిగింది. గెడ్డ దారి మారినప్పుడు పోయిన నేలను పేదవాడి వాటాలోనే తీసేయడం మేము చూశాం. అందుకే గీత వద్దని మేము అనము. మనకు గీత కావాలి. నిజం చెప్పే గీత కావాలి.

మరి అన్నీ గీసేద్దామా అంటే, దానికీ ఒప్పుకోలేం. కొన్ని చోట్లు ఊరివాళ్లకే తెలుసు. ఏ రాయి దగ్గర ఏ పూజ, ఏ ఊట దగ్గరికి ఎవరు పోకూడదు అన్నవి ఉన్నాయి. వాటిని అక్షాంశ రేఖాంశాలతో సహా కంప్యూటరులో పెడితే రేపు ఎవరు చూస్తారో, ఎందుకు చూస్తారో తెలియదు. మూలిక ఉన్న చోటు గీసి ఇస్తే ఆ మూలిక మిగలదు. ఈ విషయంలో మన కొండలకు ఉత్తరాన ఉన్న డోంగ్రియా కోందులు దారి చూపించారు. నియమగిరి మీద బాక్సైటు తవ్వకం గురించి 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. 12 సభలు జరిగాయి, పన్నెండూ వద్దన్నాయి. దేవుడు కొండలో ఏ మూల నుంచి ఏ మూల దాకా ఉన్నాడో వాళ్లు పటం గీసి చూపించనక్కర లేకపోయింది. కొండ తమదెలా అయిందో సభలో నిలబడి తమ మాటల్లో చెప్పారు. ఆ మాటే రికార్డుకు ఎక్కింది.

మాట కూడా హద్దు కాగలదు. ఇది మా కోరిక మాత్రమే కాదు. ముందు చెప్పిన అంతర్జాతీయ ప్రమాణంలోనే హద్దును మూడు వైపుల బొమ్మగా చెప్పవచ్చు, గీతగా చెప్పవచ్చు, ఒక్క చుక్కగా చెప్పవచ్చు, ఉత్త మాటలతో కూడా చెప్పవచ్చు. మన పాత దస్తావేజుల్లో చెక్కుబంది రాసేది అలాగే కదా. తూర్పు ఫలానావారి మెట్ట, దక్షిణం గెడ్డ, పడమర చింతచెట్టు, ఉత్తరం బండి దారి. ఆ నాలుగు మాటల్లో పొరుగువాళ్లు ఉన్నారు, నీరు ఉంది, నీడ ఉంది, నడక ఉంది. అంకెల్లో మూల మాత్రమే ఉంది. రెండూ పక్కపక్కన ఉంటే ఒకటి తప్పినప్పుడు రెండోది చెబుతుంది. అంకె వచ్చింది కాబట్టి మాటను కొట్టేయడం తెలివైన పని కాదు.

ఇక మేము తేల్చుకున్నది ఇది. హద్దు అన్నది యంత్రం నేలలో కనిపెట్టే వస్తువు కాదు. ఇద్దరు మనుషులు "ఇక్కడి దాకా నువ్వు, ఇక్కడి నుంచి నేను" అని ఒప్పుకున్న మాట. యంత్రం ఆ మాటను రాసుకోగలదు, మాట ఇవ్వలేదు. కాబట్టి రికార్డు రాసేవారికి ఒక బాధ్యత ఉంది. కొలిచినదాన్ని రాసినంత జాగ్రత్తగా కొలవనిదాన్ని కూడా రాయాలి. ఖాళీని ఖాళీగా వదిలేస్తే చదివేవాడు "ఏమీ లేదు" అనుకుంటాడు. ఏమీ లేదనుకున్న చోటే లీజు పడుతుంది, రోడ్డు పడుతుంది, పక్కవాడి కంచె పడుతుంది. "చెట్ల మీద వేరే హక్కులున్నవి, విచారించలేదు." "కింది భాగం గురించి ఏమీ నిర్ణయించలేదు." "ఈ గీత ఇన్ని మీటర్లు అటూ ఇటూ." ఇలాంటి మూడు వాక్యాలకు డ్రోను అక్కర లేదు, కలం చాలు.

మన వైపు చేయవలసింది కూడా ఉంది. సర్వే వచ్చిన రోజు పనికి పోకుండా పొలంలో ఉండాలి. ఆడవాళ్లు కూడా రావాలి. హద్దు వెంట పొరుగువారితో కలిసి నడవాలి. ఇచ్చిన పటం మీద సంతకం పెట్టే ముందు ఇది అడ్డ కొలతా, వాలు కొలతా అని అడగాలి. చెట్ల సంగతి, నీళ్ల సంగతి, పోడు వదిలిన ఏళ్ల సంగతి గ్రామసభ తీర్మానంలో రాయించాలి. ఏది రాయించకూడదో అది కూడా సభలోనే ముందుగా మాట్లాడుకోవాలి. చదువుకున్న పిల్లలు ఊళ్లో ఉంటే వాళ్ల చేత పటం చదివించుకోవాలి. అన్నదమ్ములు కొట్టుకునే ముందు ఒక తాడు, ఒక నీళ్ల సీసా తెచ్చుకోవాలి.

ఈ ఏడాది మళ్లీ ఊరి పటం పాఠం వచ్చింది. ఈసారి పనసపండు ఒకటి తెచ్చి పిల్లల ముందు నిలువునా కోశాం. పైనుంచి చూస్తే ముళ్లు, పక్కనుంచి చూస్తే తొనలు, గింజలు, బంక. ఊరిని కూడా ఇలా కోసినట్టు గీయండి అన్నాం. నిరుడు ప్రశ్న అడిగిన పిల్ల ఇప్పుడు అయిదో తరగతి. తనూ వచ్చి కూర్చుంది. ఇల్లు గీసింది, పొలం గీసింది, పొలం మీద చింతచెట్టు, కింద దాని వేళ్లు, వేళ్ల కింద రాయి, రాయి కింద గుహ, గుహలో పడిపోయిన ఆవు. ప్రతిదాని పక్కనా ఎవరిదో పేరు రాసింది. గుహ దగ్గర మాత్రం రాయలేదు.

"అది ఎవరిదమ్మా?" అన్నాం.

"ఊళ్లో అడగాలి కదా మాస్టారూ" అంది.

పటాలు గీసేవారిని మేము కోరేదీ అదే.